ఈస్ట్ లేకుండా ఇంట్లోనే కారం బ్రెడ్

పిండి పొంగేదాకా గంటలకొద్దీ కాచుక్కూర్చోకుండా బ్రెడ్ చేసుకోవచ్చంటే మొదట్లో నమ్మబుద్ధి కాలేదు. ఇవాళ చీజ్, ఉల్లికాడలు, దంచిన మిరియాలు వేసి చేశాను. ఇల్లంతా కమ్మటి వాసన!

2 కప్పుల మైదా, 2 టీస్పూన్ల బేకింగ్ పౌడర్, అర టీస్పూన్ వంటసోడా, కాస్త ఉప్పు. విడిగా ఒక కప్పుంపావు చిక్కటి మజ్జిగ, ఒక గుడ్డు, పావు కప్పు కరిగించిన వెన్న. మజ్జిగ పుల్లగా ఉండాలి సుమా, ఆ పులుపు తగిలితేనే సోడా గ్యాస్ వదిలి పిండిని లేపుతుంది.

కిటుకంతా కలపడంలోనే ఉంది. తడీ పొడీ కలిపి, పొడిపిండి కనబడకుండా పోగానే చెయ్యి ఆపెయ్యాలి. ఉండలున్నా ఫర్వాలేదు. నున్నగా వచ్చేదాకా తిప్పితే మైదాలో ఉండే గ్లూటెన్ అనే జిగురు ప్రోటీన్ బిగిసి బ్రెడ్ రబ్బరులా సాగుతుంది. కలిపిన వెంటనే, ముందే వేడెక్కిన ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర 45-50 నిమిషాలు. మధ్యలో పుల్ల గుచ్చితే తడిపిండి అంటకూడదు.

పైన చీజ్ కరిగి, అంచులు ఎర్రగా కరకరలాడుతూ వచ్చాయి. లోపల మాత్రం ఎంత మెత్తగా ఉందో! వేడిమీద కోస్తే విరిగిపోతుంది, చల్లారేదాకా ఆగడమే కష్టం. వచ్చేసారి ఎండబెట్టిన టమాటా ముక్కలు వేసి చూడాలి.