మే 8 పార్టీ, విశాఖ బాంబు

బ్రిటన్‌లో మే నెల మొదటి సోమవారం సెలవు. 2020లో మాత్రం ఆ సెలవును సోమవారం నుంచి తీసి శుక్రవారం, అంటే మే 8కి మార్చారు, ఎందుకంటే యూరప్‌లో రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఆ రోజుకి 75 ఏళ్లు. వీఈ డే అంటారు ఇక్కడ. కరోనా లేకపోతే వీధుల్లో బల్లలు వేసి భోజనాలు పెట్టుకునేవాళ్లు, పబ్బులు కూడా అర్ధరాత్రి దాటేదాకా తెరిచి ఉంచాలనుకున్నారు. లాక్‌డౌన్‌తో అవన్నీ పోయి, ఎవరింట్లో వాళ్లు చేసుకోండి, గుమ్మం ముందు కుర్చీ వేసుకుని టీ తాగండి, పక్కింటివాళ్లతో దూరం నుంచే మాట్లాడండి అన్నారు.

మేముండేది కోవెంట్రీలో. మా ఆయనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నేను డిపెండెంట్ వీసా మీద వచ్చి, కెమిస్ట్రీ ఎమ్మెస్సీ పక్కన పెట్టి, కేర్ హోమ్‌లో కేరర్‌గా చేరాను. పెద్దవాళ్లకి స్నానం చేయించడం, బట్టలు మార్చడం, మాత్రలు మింగించడం, ముద్ద ముద్ద తినిపించడం, ఇదీ పని. ఊళ్లో మావాళ్లు "హాస్పిటల్‌లో చేస్తోంది" అని చెప్పుకుంటారు, నేనూ సరిదిద్దను.

ఈ ఊళ్లో యుద్ధం గురించి ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు. 1940 నవంబర్ 14 రాత్రి జర్మన్ విమానాలు దాదాపు 11 గంటలపాటు బాంబులు వేశాయి, విమాన ఇంజన్ల ఫ్యాక్టరీలు ఇక్కడే ఉన్నాయి మరి. ఊరి నడిబొడ్డున పాత కెథీడ్రల్, అంటే పెద్ద చర్చి, పైకప్పు లేకుండా మొండిగోడలతో అలాగే ఉంది, పక్కనే కొత్తది కట్టారు. మా హోమ్‌లో ఉండే తొంభై ఏళ్ల వాళ్లకి ఆ రాత్రి గుర్తే. పొద్దున ఏం తిన్నారో గుర్తులేని ఒకావిడ, ఆ రాత్రి మెట్ల కింద గూట్లో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో వరసగా చెప్పేది.

స్కూల్ నుంచి మా పాపకి వీఈ డే పనుల షీట్లు వచ్చాయి. ఎరుపు, తెలుపు, నీలం రంగుల కాగితాలతో మూడుకోణాల తోరణాలు కట్టాలి, యుద్ధకాలపు రేషన్‌తో ఒక వంట చెయ్యాలి, కాగితం మెడల్ చెయ్యాలి. తోరణాల పని మా ఆయన నెత్తిన పడింది. 1945లో కూడా బట్టకి కూపన్లు ఉన్న రోజుల్లో ఈ మూడు రంగుల తోరణాల గుడ్డకి మాత్రం కూపన్ అక్కర్లేదన్నారట, ఆ ముక్క పాపకి తెగ నచ్చేసి ఫోన్‌లో దొరికినవాళ్లందరికీ చెప్పింది. రేషన్ లెక్క మాత్రం నాకు మనసులో ఉండిపోయింది: మనిషికి వారానికి 2 ఔన్సుల టీ పొడి, 8 ఔన్సుల పంచదార, ఒక గుడ్డు. 2 ఔన్సుల టీ పొడి అంటే మా ఇంట్లో మూడు రోజులు కూడా రాదు. యుద్ధం అయిపోయాక రేషన్ కూడా అయిపోయి ఉంటుందనుకున్నాను, లేదు, 1954 దాకా సాగిందట. అంతకుముందు లేని బ్రెడ్డు రేషన్ గెలిచిన మరుసటి ఏడు పెట్టారు!

స్కోన్లు, అంటే ఇక్కడ టీతో తినే చిన్న రొట్టెల్లాంటివి, చేద్దామంటే ఏ షాపులోనూ మైదా లేదు. ఆ రెండు నెలలూ దేశమంతా ఇంట్లో కూర్చుని కేకులు చేసుకుంది, పిండి షెల్ఫులన్నీ ఖాళీ. ఇండియన్ షాపులో బియ్యం బస్తా ఇంటికి ఒకటే. చివరికి చపాతీ పిండిలో బేకింగ్ పౌడర్ వేసి చేశాను. గట్టిగా వచ్చాయి కానీ జామ్ రాస్తే తినొచ్చు, పిల్లలు తిన్నారు.

షీట్లలో ఆఖరిది: "మీ ఇంట్లో పెద్దవాళ్లు యుద్ధంలో ఏం చేశారో అడిగి రాయండి." పాప క్లాసులో సగం మంది ఇళ్లల్లో ముత్తాత ఫోటో యూనిఫాంలో ఉంటుంది. మన ఇంట్లో ఎవరున్నారమ్మా అంది. మా ఆయనది తాడేపల్లిగూడెం వైపు, ఆ పక్కనే మిలిటరీ మాధవరం ఉంది, ఇంటికొకరు సైన్యంలోకి వెళ్లే ఊరు, కానీ వీళ్ల ఇంట్లో ఎవరూ వెళ్లలేదు. ఆ యుద్ధంలో ఇండియా నుంచి 25 లక్షల మంది సైనికులు ఉన్నారంటే మా పాప టీచర్‌కి తెలుసో లేదో గానీ షీట్‌లో మాత్రం ఒక్క మాట లేదు. నేను మా అమ్మమ్మని అడుగుదాం, విశాఖలో ఉంది, ఆమెకి తెలుస్తుంది అన్నాను.

అది వారం మొదట్లో అన్న మాట. గురువారం, మే 7 తెల్లవారుజామున విశాఖలో ఆర్ఆర్ వెంకటాపురం దగ్గర ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ గ్యాస్ లీకైంది. పదిమందికి పైగా పోయారు, వందల మంది ఆసుపత్రిలో. రోడ్ల మీద పడిపోయిన మనుషుల వీడియోలు నిద్ర లేచేసరికే ప్రతి వాట్సాప్ గ్రూప్‌లోనూ ఉన్నాయి. మా మామయ్య ఇల్లు ఆ ఫ్యాక్టరీకి అంత దూరం కాని ఎన్ఏడీ వైపు, అమ్మమ్మ అక్కడే ఉంటుంది. పొద్దున మాట్లాడితే మాకేం పర్లేదు అన్నారు. షిఫ్టులో ఫోన్ లాకర్‌లో పెట్టెయ్యాలి, ఆ రోజంతా ఎలా పనిచేశానో నాకే తెలీదు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఇంకో కబురు, మళ్లీ లీకవుతుందని పుకారు పుట్టి అక్కడి అర్ధరాత్రి జనం ఇళ్లొదిలి రోడ్ల మీదికి వచ్చేశారని. మామయ్య ఫోన్ ఎత్తడం లేదు.

ఆ వసంతంలో ప్రతి గురువారం రాత్రి 8కి ఇక్కడి జనం గుమ్మాల్లో నిలబడి వైద్య సిబ్బందికీ కేరర్లకీ చప్పట్లు కొట్టేవాళ్లు. ఇక్కడ 8 అంటే అక్కడ పన్నెండున్నర. వీధి వీధంతా చప్పట్లు, గిన్నెల మోత, ఎదురింటాయన నన్ను చూసి బొటనవేలు పైకెత్తాడు, నేను ఒక చేత్తో ఊపుతూ రెండో చేత్తో రీడయల్ కొడుతున్నాను. తొమ్మిదింపావుకి మామయ్య ఎత్తాడు. అమ్మమ్మని కార్లో పడుకోబెట్టి విజయనగరంలో పిన్ని ఇంటికి తీసుకెళ్తున్నాడు, ఆనందపురం దాటారు.

మర్నాడే పండగ. బ్యాంక్ హాలిడే మా ఆయనకి, నాకు కాదు. పొద్దున 7 షిఫ్టు. విజిటర్లని రానివ్వని రోజులు, కొడుకులూ కూతుళ్లూ కిటికీ అద్దానికి అవతల నిలబడి చెయ్యి ఊపి వెళ్లేవాళ్లు. మేం ప్లాస్టిక్ ఏప్రన్లూ మాస్కులతో డైనింగ్ హాలుకి తోరణాలు కట్టి, 11 గంటలకి రెండు నిమిషాలు మౌనం పాటించాం. మాస్కు వెనక నా మొహం ఎవరికీ కనపడలేదు, అదొక్కటి కలిసొచ్చింది. తర్వాత టీ, కేకులు. టీవీలో యుద్ధకాలపు ప్రధాని చర్చిల్ పాత ప్రసంగం వస్తుంటే కొందరి కళ్లల్లో నీళ్లు. నాకు ఆ గొంతు వింటే 1943 బెంగాల్ కరువు గుర్తొస్తుంది, లక్షల మంది తిండిలేక పోయారు. కానీ ఆ ముసలివాళ్లు ఏడుస్తున్నది ఆయన కోసం కాదు, వాళ్ల అన్నల కోసం, నాన్నల కోసం. టిష్యూలు అందించాను.

టీ తాగని ఆవిడ ఒకరున్నారు. ఏమ్మా బాలేదా అంటే, ఆ రోజు మా ఇంట్లో పార్టీ ఏమీ జరగలేదమ్మాయ్, మా ఆయన బర్మాలో ఉన్నాడు, అక్కడ జపాన్ వాళ్లతో ఇంకా కాల్చుకుంటూనే ఉన్నారు, 1946లో ఇంటికొచ్చాడు, అప్పటికి తోరణాలన్నీ విప్పేశారు అంది.

షిఫ్టు అయ్యాక విజయనగరానికి వీడియో కాల్ చేశాం. పాప షీటూ పెన్సిలూ పట్టుకుని కూర్చుంది. "తాతమ్మా, యుద్ధంలో నువ్వేం చేశావు?"

"ఏటే, యుద్ధం అయిపోయిందని ఇప్పుడు పార్టీయా? నానేటి చేస్తాను, పారిపోనాం," అంది అమ్మమ్మ. 1942 ఏప్రిల్ 6. జపాన్ విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేసిన రోజు. ఆమెకి ఏడేళ్లు. హార్బరు వైపు నుంచి చప్పుడు, తర్వాత పొగ. చనిపోయింది కొద్దిమందే గానీ రెండ్రోజుల్లో ఊరు ఖాళీ. వాళ్ల నాన్న ఎడ్లబండి కట్టించి, బియ్యం మూట, ఇత్తడి సామాను ఎక్కించి చోడవరం దగ్గర బంధువుల ఊరికి తోలుకెళ్లిపోయాడట. ఆవు రానని మొండికేసిందనీ, బర్మాలో రంగూన్‌కి కూలికెళ్లిన వాళ్ల మేనమామ, జపాన్ వాళ్లు అక్కడ పడ్డాక, ఆ ఏడే అడవులంట నడిచి, గుర్తుపట్టలేనట్టు చిక్కిపోయి వచ్చాడనీ, రేషన్‌లో ఇచ్చే కంట్రోలు బట్ట ముతగ్గా ఉండి ఒళ్లంతా దురద పెట్టేదనీ, ఒకదాని వెనక ఒకటి చెప్పింది. నాకే ఇవి చాలావరకు కొత్త. చిన్నప్పుడు బీచ్ రోడ్డులో మ్యూజియంకి వెళ్లి పేలని జపాన్ బాంబుని ఎన్నిసార్లు చూశానో, అమ్మమ్మని ఒక్కసారీ అడగలేదు.

"మరి నిన్న రాత్రి భయమేసిందా?" అని పాప అడిగింది. షీట్‌లో లేని ప్రశ్న.

"బండి కన్నా కారు మేలే. నడుం నొప్పి లేదు," అంది.

రాత్రి 9కి, 1945లో తన తండ్రి రేడియోలో మాట్లాడిన వేళకే, రాణి టీవీలో మాట్లాడింది. ఆ తర్వాత జనం గుమ్మాల్లోకి వచ్చి యుద్ధం నాటి పాట ఒకటి కలిసి పాడారు. మా ఆయనా పిల్లలూ బయట నిలబడ్డారు, పాపకి చరణాలన్నీ వచ్చు. నేను మామయ్యతో ఫోన్‌లో ఉన్నాను, ఇంటికి ఎప్పుడు వెళ్లొచ్చో పోలీసులు ఇంకా చెప్పలేదని.

పాప రాసింది టీచర్‌కి పంపాం. జపాన్ ఇండియా మీద బాంబులు వేసిన సంగతి తనకి తెలియదని, సెప్టెంబర్‌లో స్కూల్ తెరిచాక క్లాసులో చదివించమని అడుగుతానని జవాబు రాసింది. ఆగస్టు 15న, అంటే జపాన్ లొంగిపోయి 75 ఏళ్లయిన రోజున, సెలవూ లేదు, షీట్లూ రాలేదు. శనివారం, నాకు షిఫ్టు ఉంది. బర్మా ఆయన భార్య గదిలో టీ ఇస్తూ ఈ కథంతా చెప్పాను, బండీ, ఆవూ, గ్యాసూ, కారూ అన్నీ కలిపి. ఆమె విని, ఇంతకీ మీ అమ్మమ్మ మళ్లీ ఇల్లు చేరిందా అంది. 1942 సంగతి అడుగుతోందో మొన్నటి సంగతి అడుగుతోందో తెలీలేదు. రెండుసార్లూ చేరింది అని చెప్పాను.