సైకిలు తిరగేసి ఉన్నంతసేపూ

"గోడ కొట్టీస్తన్నాంరా అల్లుడూ, వొచ్చి సూసుకుంటావేటి?" అని మావయ్య ఫోను చేశాడు.

మేనల్లుణ్ని పిలవాలంటే పండగనో, పెళ్లనో, మామిడికాయలు దిగాయనో చెబుతారు ఎవరైనా. గోడ పడగొడుతున్నామని పిలిచేది మా మావయ్య ఒక్కడే. ఏ గోడ అని నేనూ అడగలేదు. తత్కాల్‌లో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌కి టికెట్టు తీసి, ఆఫీసులో "ఊళ్లో ఇంటి పని" అని చెప్పి బయల్దేరాను. అందులో అబద్ధమేం లేదు కదా.

సికింద్రాబాద్‌లో ఎక్కినవాడు విశాఖ దాకా ఒక దిక్కుకి పోతాడు. అక్కడ ఇంజను ఇటు విప్పి అటు తగిలిస్తారు. అప్పటిదాకా తల ముందు, కాళ్లు వెనక పెట్టుకుని పడుకున్నవాడికి కాళ్లు ముందుకి, తల వెనక్కి మారిపోతాయి. చిన్నప్పుడు నాకు ఊరొచ్చేసిందనడానికి అదే గుర్తు. ఇప్పటికీ ఆ కుదుపుకి మెలకువ వచ్చేస్తుంది.

విజయనగరంలో దిగి టీ తాగాను. ఇంకా చీకటిగానే ఉంది. క్రికెట్ పిచ్చి ఉన్నవాడు ఈ స్టేషన్ దాటుతూ విజ్జీ దొరవారిని, అంటే విజయనగరం మహారాజకుమార్‌ని, తలుచుకోకుండా ఉండలేడు. 1936లో ఇంగ్లండు వెళ్లిన మన జట్టుకి కెప్టెన్ ఆయనే. సి.కె. నాయుడు అంతటివాడు పక్కనుండగా పగ్గాలు ఈయన చేతికొచ్చాయి. ఆడిన 3 టెస్టుల్లో చేసింది మొత్తం 33 పరుగులు. లాలా అమర్‌నాథ్‌ని పర్యటన మధ్యలోనే ఇంటికి పంపించేశారు. ఊరి మీద గౌరవం కొద్దీ ఇంతకంటే ఎక్కువ అనను. హాబ్స్‌నీ, సట్‌క్లిఫ్‌నీ అంత దూరం నుంచి రప్పించి మన గడ్డ మీద ఆడించిన ముచ్చట కూడా ఆయనదే మరి. కానీ 3 టెస్టుల ఆయన దేశానికి కెప్టెన్ అయ్యాడు. 134 టెస్టులాడి 8,781 పరుగులు చేసిన మా వి.వి.ఎస్. లక్ష్మణ్ ఒక్క ప్రపంచకప్ మ్యాచ్ కూడా ఆడలేదు. ఈ లెక్క నాకు ఎప్పటికీ సరిపడదు. టీ చల్లారిపోయింది.

తెల్లారుతుండగా ఆమదాలవలసలో దిగాను. ఊరు ఆమదాలవలస, బోర్డు మీద మాత్రం శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది. మావయ్య టీవీఎస్ బండి మీద వచ్చి ఉన్నాడు. "ఏటిరా, ఇలాగ సిక్కిపోనావు" అన్నాడు. నేను చిక్కలేదు, పోయినసారి కంటే నాలుగు కిలోలు పెరిగాను. అది మా ఊళ్లో పలకరింపు, అంతే.

నాగావళి ఒడ్డునే దారి. మార్చి కదా, నీళ్లు పాయలుగా విడిపోయి మిగతాదంతా ఇసుకే. జీడితోటల్లో పూత వాసన. బండి మీద వెనక కూర్చుంటే మావయ్య మాటలు సగమే వినిపిస్తాయి. వినిపించిన సగంలో ఊసవానిపేట పేరు వచ్చింది, కరణం మల్లీశ్వరి పేరూ వచ్చింది. సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆవిడ 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది 2000 సెప్టెంబరులో. ఆర్నెల్లు తిరగకుండానే ఆస్ట్రేలియా మీద లక్ష్మణ్ ఆడిన కోల్‌కతా టెస్టు. మావయ్య లెక్కలో ఆ రెండూ ఒకే పంట కిందికి వస్తాయి. "ఆ ఏడు మనోల్లదిరా" అంటాడు. లక్ష్మణ్ పుట్టింది హైదరాబాద్‌లో, అమ్మానాన్నలు విజయవాడలో డాక్టర్లు, మన శ్రీకాకుళానికేం సంబంధం అంటే వినడు. ఇంట్లో తెలుగు మాట్లాడినవాడెవడైనా ఆయనకి మనోడే.

అత్తయ్య గిన్నెడు చోడంబలి, ఉల్లిపాయ ముక్కలు ముందు పెట్టింది. తాగుతూ గోడ వైపు చూశాను. టైర్లు ఇంకా వేలాడుతున్నాయి. "రేపు తీస్తాం, మేస్త్రీ రేపొస్తాడు" అన్నాడు మావయ్య.

ఆ గోడ సంగతి చెప్పాలి.

మావయ్యది సైకిల్ షాపు. ఇంటి ముందుగదే షాపు. పదో తరగతి నేను వాళ్లింట్లో ఉండి చదివాను. 2001 మార్చిలో పరీక్షలు దగ్గరపడ్డాయి, ఇంట్లో చదువుతుంటే నిద్రొస్తోందని షాపులో స్టూలు మీద కూర్చుని చదివేవాణ్ని. నిజానికి అక్కడ ట్రాన్సిస్టర్ ఉండేది. ఆకాశవాణి కామెంటరీ కాసేపు ఇంగ్లీషు, కాసేపు హిందీ. మావయ్యకి రెండూ రావు. నాకు రెండూ సగం సగం వచ్చు. చెప్పడం నా పని, గోడ మీద బొగ్గుతో స్కోరు రాయడం ఆయన పని.

కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియా 445 కొట్టింది. మనవాళ్లు 171కి చాప చుట్టేశారు. అందులో 59 లక్ష్మణ్‌వే. ఆఖరి వికెట్టుగా అతనే వెనక్కి వచ్చాడు. 274 వెనకబడి, మళ్లీ ఆడమని వాళ్లంటే ఆడాల్సిన గతి. ప్యాడ్లు విప్పకు, ఈసారి నువ్వు మూడో నంబరులో దిగాలి అని కోచ్ జాన్ రైట్ చెప్పాడని తర్వాత ఎన్నోసార్లు చదివాను. ఆ రోజు మాత్రం మాకు తెలిసిందల్లా మూడో నంబరు ద్రావిడ్ ఆరులోకి పోయాడని. "ఇదేటి ఇలాగ మార్చీసినారు" అని మావయ్య పానా కింద పడేశాడు. మూడో రోజు ఆట ముగిసేసరికి 4 వికెట్లకి 254. లక్ష్మణ్ 109, ద్రావిడ్ 7. గోడ మీద 254 పడింది.

మర్నాడు మార్చి 14, బుధవారం. పొద్దున్నే ఓ మాస్టారు సైకిలు తీసుకొచ్చారు, వెనక చక్రానికి పంచరు. మావయ్య సైకిలు తిరగేసి నిలబెట్టాడు, ట్యూబు బయటికి లాగాడు, నీళ్ల తొట్టిలో ముంచాడు. ట్రాన్సిస్టర్‌లో ఆట మొదలైంది. పావుగంట, అరగంట. వికెట్ పడలేదు. ప్యాచీ వేసి, టైరు ఎక్కించి సైకిలు మామూలుగా నిలబెట్టబోయేసరికి మెక్‌గ్రాత్ బంతికి ఏదో గట్టి అప్పీలు. మావయ్య ఆగిపోయాడు. సైకిలు తలకిందులుగానే వదిలేశాడు. అంపైర్ ఊఁ అనలేదు.

అంతే. ఆ తర్వాత ఆ సైకిలు ముట్టుకోనిస్తే ఒట్టు. మాస్టారు బడికి నడిచి వెళ్లారు, మధ్యాహ్నం నడిచి వచ్చి చూశారు, స్కోరు విన్నారు, నోరెత్తకుండా మళ్లీ నడిచి వెళ్లారు. చదువుకున్నవారు కదా, పరిస్థితి అర్థమైంది.

ఆస్ట్రేలియా స్పిన్నర్ వార్న్ బంతి లెగ్‌స్టంప్ అవతల గరుకు నేల మీద పడి లోపలికి తిరిగేది. తిరిగే బంతికి అడ్డంగా బ్యాటు పెడితే ప్రమాదమని బడి పిల్లలకి కూడా చెబుతారు. లక్ష్మణ్ క్రీజు వదిలి ముందుకొచ్చి అదే బంతిని తిరుగుడుతో పాటే కవర్స్‌లోకి కొట్టేవాడు. మరుసటి బంతి అక్కడే పడితే మణికట్టు తిప్పి తిరుగుడుకి ఎదురుగా మిడ్ వికెట్ వైపు పంపేవాడు. ఒకే బంతికి రెండు దారులు. ఇదంతా తర్వాత వీడియోల్లో చూశాను. ఆ రోజు చూసింది మాత్రం మావయ్య చేతిలో. నేను "కవర్స్‌లోకి ఫోర్" అనగానే ఆయన టైరు లీవరు పట్టుకుని గాల్లో తిప్పి చూపించేవాడు. ఇరవై ఏళ్ల తర్వాత వీడియోలో అసలు షాట్ చూస్తే, ఆయన చూపించినదానికీ దీనికీ పెద్ద తేడా లేదు. ఆయనకెలా తెలిసిందో నాకిప్పటికీ అంతు పట్టదు.

రోజంతా ఒక్క వికెట్ పడలేదు. 335 పరుగులు. సాయంత్రానికి 4 వికెట్లకి 589. మావయ్య గోడ మీద అది రాసి, పక్కన లక్ష్మణ్ స్కోరు, ద్రావిడ్ స్కోరు రాశాడు. మాస్టారు వచ్చి సైకిలు తీసుకుని వెళ్లారు. పంచరు డబ్బులు తీసుకోలేదు మావయ్య. మర్నాడు పొద్దున లక్ష్మణ్ 281 దగ్గర అవుటైతే ఆ తప్పు తనదేనని చాలాకాలం అనుకున్నాడు, సైకిలు ఇచ్చేశానని. ఇద్దరి జోడీ 376. ఆ సాయంత్రానికి ఆస్ట్రేలియాని 212కి పడగొట్టి 171 పరుగులతో గెలిచాం, వరసగా 16 టెస్టులు గెలిచినవాళ్ల మీద. హర్భజన్ గురించి, సచిన్ తీసిన 3 వికెట్ల గురించి మావయ్య గోడ మీద ఏమీ రాయలేదు. బొగ్గు అయిపోయిందని అన్నాడు.

నేను ఊరొచ్చిన రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక అరసవల్లి వెళ్లాం. సూర్యనారాయణమూర్తి పాదాల మీద కిరణాలు పడే రోజులు అప్పటికే దాటిపోయాయి, జనం పల్చగా ఉన్నారు. ఏడాదికి రెండుసార్లే ఆ కిరణాలు పడతాయి, మార్చిలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి. "దేవుడికి రెండుసార్లే. మనోడు ఆస్ట్రేలియా కనపడినప్పుడల్లా" అన్నాడు మావయ్య గుడి మెట్ల మీద కూర్చుని. లెక్క చూస్తే పెద్దగా తప్పు కాదు. 17 టెస్టు సెంచరీల్లో 6, వన్డేల్లో 6కి 4 వాళ్ల మీదే.

నాకు మాత్రం సెంచరీల కంటే 73 ఎక్కువ. 2010 అక్టోబరు, మొహాలీ. నడుం పట్టేసి, రైనాని రన్నరుగా పెట్టుకుని ఆడాడు. 216 కొట్టాలి, 124కే 8 పోయాయి. అవతలి కొసన ఇషాంత్ శర్మ. ఇద్దరూ కలిసి 81 చేశారు. ఇషాంత్ పోయాక ఓఝా వచ్చాడు. పరుగుకి తడబడితే ఏనాడూ గొంతెత్తని లక్ష్మణ్ బ్యాటు ఊపి అరిచాడు. ఒక్క వికెట్ మిగిలుండగా గెలిచాం. మిగతా మహానుభావులు తమ పక్కన ఇంకో మహానుభావుడు ఉంటే ఆడతారు. ఇతను పక్కన ఎవడుంటే వాడితో పనయ్యేదాకా ఆడతాడు.

2012లో ఓ దుర్ఘటన జరిగింది. ఆగస్టులో ఉప్పల్‌లో న్యూజిలాండ్‌తో టెస్టు. జట్టులో లక్ష్మణ్ పేరు ఉంది. మావయ్యకి జన్మలో ఒక్కసారైనా చూపించాలని రెండు టికెట్లు కొన్నాను. 18వ తేదీన లక్ష్మణ్ హైదరాబాద్‌లోనే విలేకరుల ముందు కూర్చుని ఇక ఆడనని చెప్పేశాడు. సొంతూళ్లో ఆఖరి టెస్టు ఆడి దండలు వేయించుకుని వెళ్లొచ్చు కదా, అదీ అక్కర్లేదన్నాడు. నేను ఫోను చేస్తే మావయ్య అప్పటికే రిజర్వేషన్ చేయించుకున్నాడు. "మరి ఆడడేటి? టికెట్టు కొన్నావు కదరా" అన్నాడు. వచ్చాడు. జీడిపప్పు సంచీతో. పుజారా 159 కొట్టాడు, మావయ్య చప్పట్లు కొట్టాడు, మర్యాదకి. నార్త్ స్టాండు వైపు చూపించి అక్కడ లక్ష్మణ్ పేరు ఉందన్నాను. చాలాసేపు ఆ వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆట అటు కాదు, ఇటు జరుగుతోంది.

మర్నాడు పొద్దున మేస్త్రీ వచ్చాడు, ఇద్దరు కూలీలతో. టైర్లు మేమిద్దరమే దింపాం. టైర్లున్న చోట సున్నం వేసే ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి అన్నేళ్లూ ఆ చోటు అలాగే ఉండిపోయింది. పైన 254 ఉంది. మధ్యలో రాసినవన్నీ రాపిడికి పోయాయి. కింద 589 ఉంది. పక్కన "ద్రా 155" స్పష్టంగా ఉంది. దాని పైన "ల 27", ఆ తర్వాతి అంకె మీద టైరు నల్లటి వలయం అచ్చు పడిపోయింది.

ఇది అసలు తగువు. ఆ రోజు ఆట ముగిసేసరికి లక్ష్మణ్ 275. మావయ్య 277 అంటాడు. ఇరవై ఏళ్లుగా అంటున్నాడు. ఫోనులో స్కోర్‌కార్డు తీసి చూపించాను ఎన్నోసార్లు. "ఫోనులోది ఎవుడో రాస్తాడు. గోడ మీదది నాను రాసినాను" అంటాడు. గోడ చూస్తే తేలిపోతుందనే నన్ను పిలిచాడు.

"సూడు, ఏడే" అన్నాడు.

"అది టైరు మచ్చ మావయ్యా."

"మచ్చ కింద ఏడు."

తువ్వాలు తడిపి మెల్లగా రుద్దాడు. మచ్చ పోలేదు, దాని కింద ఉన్న బొగ్గు పోయింది. ఇద్దరం కాసేపు ఆ చోటే చూశాం. అత్తయ్య వెనకనుంచి "ఇద్దరికీ పనీపాటా లేదు" అని లోపలికి వెళ్లిపోయింది.

"గునపం ఎయ్యీమంటారా బాబూ?" అన్నాడు మేస్త్రీ.

మావయ్య తువ్వాలు పిండి భుజాన వేసుకున్నాడు. "అటేపు నుంచి రా. ఈ ముక్క ఆకర్న" అన్నాడు.

సాయంత్రం నేను బండెక్కడానికి బయల్దేరేసరికి మూడు వైపులా గోడ లేదు, కప్పు లేదు. టైర్లున్న ఆ ముక్క మాత్రం ఎండలో ఒక్కటే నిలబడి ఉంది. కూలీలు చేతులు కడుక్కుంటున్నారు. మిగిలింది రేపట.