2.6 సెకన్లకో టిక్కు: ఎనిమిది ఛానెళ్ల ప్రీయాంప్ పెట్టిన తిప్పలు

దొరికింది! నా డ్రమ్స్ రికార్డింగుల్లో పడుతున్న టిక్కుకి కారణం పదకొండు రోజులకి దొరికింది. నిన్న రాత్రి 40 నిమిషాల పాటు సైన్ వేవ్ ఆపకుండా రికార్డ్ చేసి, స్పెక్ట్రోగ్రామ్‌ని (ఏ క్షణంలో ఏ ఫ్రీక్వెన్సీలున్నాయో చూపే బొమ్మ) ఈ చివర నుంచి ఆ చివరి దాకా జరుపుతూ కూర్చున్నా. స్కేలు పెట్టి గీసినట్టు అడ్డంగా ఒకే ఒక్క గీత. టిక్కు పడితే కనిపించే నిలువు గీత ఎక్కడా లేదు. ఇంత నీరసమైన బొమ్మ చూసి ఇంత సంబరపడటం నాకిదే మొదటిసారి.

డ్రమ్స్‌కి ఛానెళ్లు చాలడం లేదని ఎనిమిది ఛానెళ్ల మైక్ ప్రీయాంప్ (మైకు సిగ్నల్‌ని పెంచే పెట్టె) తీసుకుని, ఇంటర్‌ఫేస్ (ధ్వనిని కంప్యూటర్‌కి చేర్చే పెట్టె) వెనకున్న ఏడాట్ ఇన్‌పుట్‌కి (ఒకే ఆప్టికల్ కేబుల్ మీద ఎనిమిది డిజిటల్ ఛానెళ్లు వచ్చే దారి) తగిలించాను కదా, కథంతా అక్కడ మొదలైంది. ఈ రెండు పెట్టెల పేర్లు మాత్రం రాయను. చివరిదాకా చదివితే ఎందుకో మీకే తెలుస్తుంది.

బాగా కుదిరినవి ముందు చెప్పేస్తా. స్నేర్ డ్రమ్ మీద ఎస్‌ఎమ్57 మైకు ఎప్పటిలాగే మొదటి దెబ్బకే కూర్చుంది. 1965లో వచ్చిన మైకు, దాన్ని అక్కణ్నుంచి తీసేయాలని నాకు ఇప్పటికీ అనిపించలేదు. ఓవర్‌హెడ్లు (డ్రమ్స్ పైన ఉండే మైకులు) బాగున్నాయి. ప్రీయాంప్ నాయిస్ నేను భయపడినంత లేదు. అంతే.

ఇక టిక్కు సంగతి. ముందు పట్టుకున్నది తమ్ముడు. రైడ్ సింబల్ (డ్రమ్ సెట్‌లోని పెద్ద లోహపు పళ్లెం) మీద టేక్ అయ్యాక హెడ్‌ఫోన్లో వింటూ, "అన్నయ్యా, ఇందులో ఏదో చిటుక్కుమంటోంది" అన్నాడు. "నీ స్టిక్ కొన చీలిందేమో చూడరా" అన్నాను. పాపం, రెండు జతలు మార్చాడు. చివరికి సింబల్‌ని ఒక్కసారి కొట్టి చేతులు వెనక్కి తీసుకున్నాడు. అది మోగుతూ తగ్గుతోంది, మధ్యలో టిక్. కాసేపాగి మళ్లీ టిక్. స్టిక్ వాడి చేతిలోనే ఉంది, వాడు నా వైపు చూస్తున్నాడు.

ఆ రాత్రి అందరూ చేసే పనే నేనూ చేశా, బఫర్ పెంచా, అంటే కంప్యూటర్ ఒక్కో విడతలో తీసుకునే శాంపిళ్ల (ధ్వనిని కొలిచిన ఒక్కో అంకె) సంఖ్యని. 64 నుంచి 128, 256, అలా 1024 దాకా వెళ్లా. అంటే 1.3 మిల్లీసెకన్ల నుంచి 21 మిల్లీసెకన్లు. టిక్కు కదల్లేదు. వైఫై ఆపా, పవర్ ప్లాన్ మార్చా, యూఎస్‌బీ పోర్ట్ మార్చా, కేబుల్ మార్చా. కంప్యూటర్‌లోని ఆలస్యాల్ని కొలిచే లేటెన్సీమాన్ అరగంట నడిపితే అత్యధికంగా 210 మైక్రోసెకన్లు చూపించింది, అంటే కంప్యూటర్ నిక్షేపంలా ఉంది. ఆప్టికల్ కేబుల్ కూడా మార్చా, అదీ కారణం కాదు.

రెండో రోజు సమస్య పోయిందనుకున్నా. మైకులన్నీ మ్యూట్‌లో పెట్టి పది నిమిషాలు నిశ్శబ్దాన్ని రికార్డ్ చేస్తే ఫైల్ కడిగిన ముత్యంలా వచ్చింది. తమ్ముడికి "అయిపోయింది, రేపు రా" అని మెసేజ్ కూడా పెట్టా. మర్నాడు వాడు వచ్చి సింబల్ కొట్టాడు. టిక్.

ఈ నిశ్శబ్దం పరీక్షకే మూడు రోజులు తగలెట్టా కాబట్టి కాస్త వివరంగా చెబుతా. నా ఫైల్లో పోతున్నది ఒకే ఒక్క శాంపిల్. నిశ్శబ్దంలో ఒక సున్నా పోతే ఎవరికి వినిపిస్తుంది? 48 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 48,000 శాంపిళ్లలో, ఒకటి జారితే 100 హెర్ట్జ్ స్వరానికి ఫేజ్ (అల తన సైకిల్‌లో ఉన్న చోటు) ముప్పావు డిగ్రీ కదులుతుంది, చెవికి అందదు. 1 కిలోహెర్ట్జ్‌కి 7.5 డిగ్రీలు. 5 కిలోహెర్ట్జ్‌కి 37.5 డిగ్రీలు. అందుకే కిక్ డ్రమ్‌లో (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) ఎంత వెతికినా దొరకలేదు, సింబల్‌లో మాత్రం సూదితో గుచ్చినట్టు వినిపించింది. పై ఫ్రీక్వెన్సీలు లేకుండా చెవితో చేసే పరీక్ష ఏదైనా ఇక్కడ దండగే.

నాలుగో రోజుకి బుద్ధొచ్చి, రూమ్ ఈక్యూ విజార్డ్ అనే కొలతల సాఫ్ట్‌వేర్‌తో 1 కిలోహెర్ట్జ్ సైన్ వేవ్‌ని ఇంటర్‌ఫేస్ లైన్ అవుట్ నుంచి ప్రీయాంప్ లైన్ ఇన్‌లోకి పంపి రికార్డ్ చేశా. స్పెక్ట్రోగ్రామ్‌లో సన్నటి నిలువు గీతలు, దువ్వెన పళ్లలా సమాన దూరంలో. ఇరవై గీతల దూరాన్ని కొలిచి సగటు తీస్తే 2.6 సెకన్లు. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక గీత దగ్గర శాంపిల్ స్థాయి దాకా జూమ్ చేశా. 48 కిలోహెర్ట్జ్‌లో 1 కిలోహెర్ట్జ్ అంటే ఒక్కో సైకిల్‌కి 48 చుక్కలుండాలి. స్క్రీన్ మీద పెన్సిల్ కొన ఆనించి లెక్కపెట్టా. ముందు సైకిల్‌లో 48. తర్వాతి దాంట్లో 48. గీత పడిన సైకిల్‌లో 47. నమ్మకం కుదరక ఇంకో నాలుగు గీతల దగ్గర లెక్కపెట్టా. ప్రతిచోటా 47.

కంప్యూటర్ అందుకోలేక డ్రాపౌట్ (ధ్వని తెగిపోవడం) వస్తే బఫర్ మొత్తం ఎగిరిపోతుంది, కనీసం 64 శాంపిళ్లు. ఇలా గడియారం చూసుకుని ఒక్కో శాంపిల్ కొట్టేసే దొంగని నేనెప్పుడూ చూడలేదు.

ఇక్కడ ఇంకో గమ్మత్తు. ఇంటర్‌ఫేస్‌కి ఉన్న రెండు అనలాగ్ ఇన్‌పుట్లలో ఒక్క టిక్కూ లేదు. ఏడాట్ మీదుగా వచ్చే ఎనిమిది ఛానెళ్లలో మాత్రం అన్నిట్లోనూ ఒకే చోట ఉంది. మొదటి రాత్రే ఛానెళ్లని పక్కపక్కన పెట్టి చూసుంటే సగం పని అయిపోయేది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికానన్నమాట.

శాంపిల్ ఎప్పుడు తీయాలో చెప్పే క్లాకులు రెండు పెట్టెల్లోనూ వేరువేరుగా నడుస్తున్నాయని మీలో చాలామందికి ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. నాకూ అప్పుడు అదే అనుమానం వచ్చింది. కానీ ప్రీయాంప్ వెనక స్విచ్ ఇంటర్నల్ 48లో (సొంత క్లాక్, 48 కిలోహెర్ట్జ్) ఉంది. ఇంటర్‌ఫేస్ ప్యానెల్‌లో క్లాక్ సోర్స్ ఏడాట్ అని ఉంది, అంటే ప్రీయాంప్ క్లాక్‌నే అనుసరించాలి. పక్కనే పచ్చ లైటు, దాని మీద 'లాక్డ్' అని. ఇంకేం చూడాలి? క్లాక్‌ని నిందితుల జాబితా నుంచి కొట్టేశా.

పైగా 44.1 నన్ను తప్పుదోవ పట్టించింది. శాంపిల్ రేట్ 44.1కి దించితే టిక్కు 5.4 సెకన్లకోసారి వచ్చింది, అంటే సగానికి సగం తగ్గింది. క్లాక్ తేడానే అయితే రెండు రేట్లలోనూ దాదాపు ఒకేలా ఉండాలి, కాబట్టి ఇది లోడ్ సమస్యే అని తేల్చేసి మళ్లీ రెండు రోజులు డ్రైవర్ల మీద పడ్డా. తర్వాత వెలిగింది. చాలా పెట్టెల్లో క్లాక్‌ని నడిపేందుకు 48 కుటుంబానికి 24.576 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, 44.1 కుటుంబానికి 22.5792 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ విడివిడిగా ఉంటాయి. రేట్ మార్చానంటే కొలుస్తున్న క్రిస్టళ్లనే మార్చేశానన్నమాట. 48లో 2.6 సెకన్లంటే 1,24,800 శాంపిళ్లకి ఒకటి, అంటే 8 పీపీఎమ్ (పది లక్షలకి ఎనిమిది) తేడా. 44.1లో 5.4 సెకన్లంటే 4.2 పీపీఎమ్. రెండూ మామూలు క్రిస్టళ్ల మధ్య ఉండే తేడాలే.

ఈ క్రిస్టల్ లెక్క తట్టడానికి కారణం వేడి. తొమ్మిదో రోజు విసుగొచ్చి టైమ్ వేసుకుంటూ కొలిచా. నోట్‌బుక్‌లో ఇలా ఉంది:

9:10, పెట్టెలు చల్లగా ఉన్నప్పుడు: 2.2 సెకన్లు.
9:40: 2.6 సెకన్లు.
10:30, ప్రీయాంప్ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతోంది: 3.1 సెకన్లు.

పెట్టె వేడెక్కేకొద్దీ టిక్కులు దూరం జరుగుతున్నాయి, 9.5 పీపీఎమ్ నుంచి 6.7కి. సాఫ్ట్‌వేర్ తప్పుకి చలీ వేడీ ఉండవు కదా. ప్యానెల్ ఏం చెప్పినా సరే, రెండు క్రిస్టళ్లు ఎవరి దారిన వాళ్లు పోతున్నారని అప్పుడు ఖాయమైంది.

చివరి పరీక్షకి పది సెకన్లు పట్టింది. ఇంటర్‌ఫేస్ నిజంగా ఏడాట్ క్లాక్ మీదే నడుస్తుంటే, కేబుల్ పీకగానే దాని ఊపిరి ఆగాలి. హెడ్‌ఫోన్లో పాట పెట్టుకుని, వెనక్కి చెయ్యి పోనిచ్చి ఆప్టికల్ కేబుల్ లాగేశా. కేబుల్ కొసన ఎర్రటి చుక్క వెలుగుతూ నా చేతిలో ఉంది. పాట మాత్రం చీమ కుట్టినట్టైనా లేకుండా సాగిపోతోంది. ప్యానెల్‌లో ఇంకా 'క్లాక్: ఏడాట్' అనే ఉంది. అబద్ధం!

ప్యానెల్‌లో ఇంటర్నల్‌కి మార్చి, తిరిగి ఏడాట్‌కి మార్చా. అర సెకను సౌండ్ ఆగి వచ్చింది. ఇప్పుడు కేబుల్ పీకితే పాట ఠక్కున ఆగింది. టిక్కులు కూడా మాయం. తర్వాత ల్యాప్‌టాప్‌ని స్లీప్‌లో పెట్టి లేపా. ప్యానెల్‌లో ఏడాట్. కేబుల్ పీకితే పాట హాయిగా నడుస్తోంది. ఐదుసార్లు చేస్తే ఐదుసార్లూ అంతే. స్లీప్ నుంచి లేచినప్పుడల్లా ఇంటర్‌ఫేస్ తన సొంత క్లాక్‌కి వెళ్లిపోతోంది, ప్యానెల్ మాత్రం పాత సెట్టింగ్‌నే చూపిస్తోంది. నేను రోజూ ల్యాప్‌టాప్ మూత మూసి పడుకునేవాణ్ని. తయారీదారుకి రాస్తే కొత్త డ్రైవర్ వేసుకోమన్నారు. వేసుకున్నదే కొత్తది.

ఆ పచ్చ లైటు విషయంలో మాత్రం తప్పు నాదే. లాక్ అంటే వచ్చే సిగ్నల్‌ని చదవగలుగుతోంది అనే అర్థం. రెండు పెట్టెలూ ఒకే లయకి నడుస్తున్నాయా అన్నది వేరే ప్రశ్న. ఆర్‌ఎంఈ అనే ఇంటర్‌ఫేస్ కంపెనీ వాళ్ల సింక్‌చెక్ లాక్‌ని, సింక్‌ని విడివిడిగా చూపిస్తుంది. ఇన్నాళ్లూ అది చాదస్తం అనుకున్నా. ఇప్పుడు ప్రతి కంపెనీ అలా పెడితే బాగుండనిపిస్తోంది.

పరిష్కారంగా క్లాక్ దిక్కే తిప్పేశా. ఇంటర్‌ఫేస్ ఏడాట్ అవుట్ నుంచి ప్రీయాంప్ ఏడాట్ ఇన్‌కి రెండో ఆప్టికల్ కేబుల్ వేసి, ప్రీయాంప్ స్విచ్‌ని ఏడాట్‌కి మార్చా. ఇంటర్‌ఫేస్ ఎప్పుడూ ఇంటర్నల్‌లోనే ఉంటుంది కాబట్టి స్లీప్ తర్వాత అది మర్చిపోవడానికి ఏమీ మిగల్లేదు. నిన్నటి 40 నిమిషాలంటే 11 కోట్ల 52 లక్షల శాంపిళ్లు, ఒక్కటీ జారలేదు. మూడుసార్లు స్లీప్ చేసి కూడా చూశా, అవి వేరే ఫైళ్లు. బయటి మాస్టర్ క్లాక్ కొనమని ఒకాయన సలహా ఇచ్చాడు. రెండు పెట్టెలకి ఒక కేబుల్ చాలు. మాస్టర్ క్లాక్ కొంటే సౌండ్ 'తెరుచుకుంటుంది' అనేవాళ్లతో నేను వాదన పెట్టుకోను, డబ్బు మాత్రం పెట్టను.

పాడైన మూడు టేకుల్ని క్లిక్కులు తీసేసే ఐజోటోప్ ఆర్‌ఎక్స్ డీక్లిక్‌లో వేసి చూశా. మామూలు క్లిక్కులకి అది అద్భుతం. ఇక్కడ పైకి పొడుచుకొచ్చిన ముల్లేమీ లేదు, ఉన్నది ఒక అతుకు. సగం దొరికాయి, సగం దొరకలేదు, దొరికిన చోట సింబల్ కాస్త మసకబారింది. తమ్ముణ్ని మళ్లీ కూర్చోబెట్టడమే నయం. వాడు ఒప్పుకున్నాడు, స్టిక్స్ మాత్రం నన్నే కొనమన్నాడు.

రికార్డింగ్ కంటే ముందు ఇంకో లెక్క తేలాలి. ఒకే క్లిక్‌ని చీల్చి అనలాగ్ ఇన్‌పుట్ 1కీ ప్రీయాంప్‌కీ పంపితే, ఏడాట్ ఛానెల్ 41 శాంపిళ్లు ఆలస్యంగా వస్తోంది. అంటే 0.85 మిల్లీసెకన్లు, గాలిలో దాదాపు 29 సెంటీమీటర్లు. ఎలాగూ మీటరు దూరంలో ఉండే ఓవర్‌హెడ్లకి ఇది పెద్ద విషయం కాదు. కిక్ లోపలి మైకు అనలాగ్‌లో, బయటి మైకు ఏడాట్‌లో ఉన్నాయి, ఇబ్బంది వాటితోనే. ఈ ఆలస్యం ఒక్కటే 585 హెర్ట్జ్ దగ్గర ఆ రెండిటినీ ఎదురెదురుగా నిలబెట్టి, ఒకదాన్నొకటి తగ్గించుకునేలా చేస్తుంది. కిక్ పల్చగా ఉందని నేను పదిహేను నిమిషాలు మైకు జరుపుతూ కూర్చున్నది బహుశా ఇందుకే. రీపర్‌లో జేఎస్ టైమ్ అడ్జస్ట్‌మెంట్ అనే ప్లగిన్ పెట్టి శాంపిళ్లలో సరిచేయొచ్చు. కానీ డ్రమ్ మైకులన్నీ ఏడాట్‌కే మార్చేసి, అనలాగ్ రెండిట్లో ఒకదాన్ని టాక్‌బ్యాక్‌కి (డ్రమ్స్ వాయించేవాడితో మాట్లాడే మైకు) ఇద్దామనుకుంటున్నా. గది తలుపు తెరిచి అరుచుకోవడం ఇకనైనా ఆపాలి. 96 కిలోహెర్ట్జ్ ఎందుకు వాడవని అడిగినవాళ్లకి: అక్కడ ఏడాట్ నాలుగు ఛానెళ్లే ఇస్తుంది, నాకు కావలసింది ఎనిమిది.

 ఆ 41 శాంపిళ్ల ఆలస్యాన్ని నాలుగుసార్లు కొలిచా, ప్రతిసారీ రెండు పెట్టెల్నీ ఆపి ఆన్ చేసి. 41, 41, 41 వచ్చింది, నాలుగోసారి 42. ఆదివారం ఇరవైసార్లు ఆపి ఆన్ చేసి చూస్తా. తమ్ముణ్ని అప్పుడే పిలవను.