గుడారంలోని గడియారం

వాషింగ్టన్ రాష్ట్రంలో 2015 నుంచి ప్రభుత్వ బడులన్నిటిలో ఇక్కడి ఆదివాసీ తెగల చరిత్ర చెప్పి తీరాలి. ఆ పాఠం కోసమే మా అమ్మాయి ఎడ్వర్డ్ కర్టిస్ ఫోటోలు ముందేసుకుని కూర్చుంది. కర్టిస్ మా సియాటిల్‌లోనే స్టూడియో నడిపినవాడు. బ్యాంకర్ జె.పి. మోర్గాన్ ఇచ్చిన డబ్బుతో ఊరూరా తిరిగి, 1907 నుంచి 1930 దాకా ఆదివాసీల ఫోటోలతో 20 సంపుటాలు తెచ్చాడు. ఫోటోలు చాలా అందంగా ఉంటాయి, కాదనను.

వాటిలో ఒకటి 1910లో పీగన్ అనే ఆదివాసీ తెగవాళ్ల గుడారం లోపల తీసింది. లిటిల్ ప్లూమ్, ఆయన కొడుకు యెల్లో కిడ్నీ కూర్చుని ఉంటారు. అసలు ఫోటోలో ఇద్దరి మధ్యా ఒక గడియారం ఉంది. పుస్తకంలో అచ్చయ్యేసరికి అది మాయమైంది.

"గడియారం ఉంటే ఏమైందమ్మా?" అంది.

"ఉంటే వాళ్లూ మిగతావాళ్లలాగే 1910లో బతుకుతున్నారని తెలిసిపోతుంది. అంతరించిపోతున్నవాళ్లని చూపిస్తే, వాళ్ల భూమి ఏమైందని ఎవరూ అడగరు" అన్నాను.

ఈ ఊరికి ఎవరి పేరు పెట్టారో ఆ సియాటిల్ నాయకుడి కూతురు కికిసోబ్లు సంగతే చూడండి. అమెరికా ప్రభుత్వంతో జరిగిన 1855 ఒప్పందంతో ఆమె తెగవాళ్ల భూమి పోయింది. ఆదివాసులు ఊళ్లో కాపురం ఉండకూడదని 1865లో నగర పాలకులు చట్టం చేశారు. ఆమె మాత్రం కదల్లేదు. సముద్రం ఒడ్డున గుడిసెలో ఉంటూ ఊళ్లోవాళ్ల బట్టలుతికి బతికింది. కర్టిస్ ఆమెకి ఫోటోకి ఒక డాలర్ ఇచ్చాడు.

"అదంతా తెల్లవాళ్ల గొడవ, మనకెందుకు" అంటారు ఇక్కడి మన తెలుగువాళ్లు కొందరు. నాకు ఆ మాట నచ్చదు. మనం ఇళ్లు కొనుక్కున్నది ఈ నేల మీదే. సియాటిల్‌కి ఉత్తరాన షాపింగ్‌కని వెళ్తామే, ఆ తులాలిప్‌లోనే 1932 దాకా ఆదివాసీ పిల్లల బోర్డింగ్ స్కూల్ నడిచింది. అలాంటి బడుల్లో సొంత భాష మాట్లాడితే పిల్లల్ని శిక్షించేవారు. తెలుగు ఎక్కడ మర్చిపోతారోనని వారం వారం పిల్లల్ని క్లాసులకి తిప్పే మనకి ఆ తల్లుల కడుపుకోత అర్థం కాకపోతే ఇంకెవరికి అర్థమవుతుంది?

స్వినోమిష్, తులాలిప్ తెగల బిడ్డ మటికా విల్బర్ 2012లో కెమెరా పట్టుకుని దేశమంతా బయల్దేరింది. ఫెడరల్ ప్రభుత్వం గుర్తించిన 560కి పైగా తెగలవాళ్లనీ కలవాలని ఆమె సంకల్పం. ఎక్కడ, ఎలా ఫోటో దిగుతారో వాళ్లనే అడిగింది. వాళ్ల కథలూ రికార్డు చేసింది. మీ పిల్లలకీ ఈ పాఠం వస్తే ముందు విల్బర్ ఫోటోలు చూపించండి, కర్టిస్‌వి ఆ తర్వాత. అప్పుడు ఆ తెగలవాళ్లు పాత కథల్లో మనుషుల్లా కాదు, ఇరుగుపొరుగువాళ్లలా పరిచయమవుతారు.