ఎండాకాలం గోళ్ళకి లేత రంగులు: చారలు, బుడగలు, పసుపు మరకలు లేకుండా

లేత రంగు నెయిల్ పాలిష్ సీసాలో ఎంత ముద్దుగా కనిపిస్తుందో గోరు మీద అంత మొండికేస్తుంది. మెరూన్ అయితే రెండు కోటింగులకి నున్నగా పరుచుకుంటుంది. పిస్తా, లావెండర్, ఉల్లిపొర గులాబీ అలా కాదు. మొదటి కోటింగుకే చారలు పడతాయి, చారలు కప్పాలని మందంగా వేస్తే బుడగలొస్తాయి, బుడగల మీద ఇంకోటి వేస్తే రాత్రి పడుకున్నాక దుప్పటి నేత అచ్చుగా దిగుతుంది.

దీనికంతటికీ మూలం తెలుపు. దాదాపు ప్రతి లేత రంగులోనూ కలిసే రంగుపొడుల్లో ఎక్కువ భాగం టైటానియం డయాక్సైడ్ అనే తెల్లపొడి, గోడల పెయింటులో వాడేదే. బరువైన పొడి కాబట్టి సీసా అడుక్కి దిగిపోతుంది, గోరు మీద బ్రష్షు వెంట్రుకలు వెళ్ళిన దారినే గీతలుగా నిలుస్తుంది. పాలిష్‌ని పల్చగా ఉంచేవి ఇథైల్ ఎసిటేట్, బ్యూటైల్ ఎసిటేట్ లాంటి ద్రావకాలు. మే నెల వేడికి అవి గబగబా ఆవిరైపోతాయి, ఆ గీతలు సర్దుకునే వ్యవధి ఉండదు. అందుకే డిజైన్ల సంగతి తర్వాత, ముందు కింది రంగు నున్నగా పడాలి. అది కుదిరితే పైన నాలుగు చుక్కలు పెట్టినా బాగుంటుంది. అది కుదరకపోతే ఎంత కష్టపడి పువ్వులు వేసినా సున్నం కొట్టిన గోడ మీద బొమ్మల్లాగే ఉంటాయి.

మధ్యాహ్నం రెండింటికి ఫ్యాను కింద కూర్చుని వేయడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. గాలికి పైపొర ముందే ఆరి మూతలా బిగుసుకుంటుంది. లోపలి ద్రావకం బయటికి రావడానికి దారి లేక, మీగడ కింద పాలు పొంగినట్టు, ఆ పొరని లేపుతుంది. అవే బుడగలు. పొద్దు వాలాక, వంట, అంట్లు అయిపోయాక వేసుకోండి. ఫ్యాను ఆపండి, వాసన పోవడానికి కిటికీ మాత్రం తీసి ఉంచండి. ఈ ద్రావకాలు ఇట్టే అంటుకుంటాయి కాబట్టి వంటింట్లోనూ, దీపం, అగరుబత్తి వెలుగుతున్న గదిలోనూ వద్దు.

గోళ్ళు సిద్ధం చేసుకోవడం పది నిమిషాల పని. పాత రంగు తీశాక గోళ్ళు పొడిగా ఉన్నప్పుడే ఒకే దిశలో ఆకురాయి (నెయిల్ ఫైల్) పెట్టండి, ఇటూ అటూ రుద్దితే అంచు పొరలు పొరలుగా చీలుతుంది. సొంత గోళ్ళకి 180 లేక 240 నంబరు ఫైల్ చాలు, 100 నంబరుది మరీ గరుకు. స్నానం చేసి రాగానే మొదలుపెట్టకండి. నీళ్ళు పీల్చిన గోరు కొంచెం సాగుతుంది, ఆరాక మళ్ళీ ముడుచుకుంటుంది, దాంతో మీది రంగు అంచుల దగ్గర లేస్తుంది. గంటైనా ఆగాలి. కొబ్బరినూనె లాంటిదేదైనా ఉంటే చివర్లో రాసుకోండి, ముందు కాదు. మొదలుపెట్టే ముందు రిమూవర్‌లో ముంచి పిండిన దూదితో ప్రతి గోరూ ఒకసారి తుడిస్తే జిడ్డు పోతుంది. గోరు మొదట్లో ఉండే చర్మాన్ని కత్తిరించొద్దు, వేలితో వెనక్కి నెడితే సరిపోతుంది.

ముందు బేస్ కోటు, అంటే రంగు కింద వేసే రంగులేని పొర, ఒకటి పల్చగా. గోరింటాకు పండి గోళ్ళు ఎర్రగా ఉన్నవాళ్ళు దాని మీద ఒక పల్చటి తెలుపు కూడా వేయాలి, లేకపోతే లేత నీలం కాస్తా బూడిద రంగు తిరుగుతుంది. గోరింటాకు రంగు రిమూవర్‌కి పోదు. గోరు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, దానితోపాటే ఆ రంగూ జరిగి పోవాలి.

ఇప్పుడు రంగు. సీసాని పైకీ కిందికీ ఊపకుండా రెండు అరచేతుల మధ్య అర నిమిషం దొర్లించండి, అడుగున తెల్లపొర కనిపించనంత వరకూ. బ్రష్షుకి ఒక పక్క మూతి అంచుకి తుడిచేసి, రెండో పక్కన చిన్న చుక్క మాత్రమే ఉంచుకోండి. చుక్కని గోరు మధ్యలో, చర్మానికి ఒక మిల్లీమీటరు ఇవతల ఆనించి, కొంచెం వెనక్కి నెట్టి, అక్కడినుంచి కొస దాకా ఒక గీత. ఎడమన ఒకటి, కుడిన ఒకటి. అంతే, ఆపేయాలి. చారలు కనిపిస్తున్నాయని నాలుగోసారి బ్రష్షు ఆనిస్తే సగం ఆరిన రంగు బ్రష్షుకి అంటుకుని బొప్పి కడుతుంది. మొదటి కోటింగు వికారంగానే ఉంటుంది, ఉండనివ్వండి. మూడు నిమిషాలాగి రెండోది వేసేటప్పుడు బ్రష్షుకి రంగు కాస్త ఎక్కువ తీసుకుని, వెంట్రుకలు గోరుని తాకకుండా ఆ రంగు చుక్క మీదే బ్రష్షు జారేలా నడపండి. చారలు పూడేది ఈ రెండోదాంతోనే. నీలం, పసుపు లాంటివాటికి మూడో పల్చటి పొర కూడా అవసరపడొచ్చు. ప్రతిసారీ గోరు కొస మందాన్ని కూడా బ్రష్షుతో ఒకసారి తడిమితే, అంట్లు తోమినా కొసలు తొందరగా ఊడవు.

కుడిచేతికి ఎడమచేత్తో వేసేటప్పుడు రెండు మోచేతులూ బల్లకి ఆనించి, బ్రష్షు కదపకుండా వేలినే కదపండి. వణుకు సగం తగ్గుతుంది.

ఏ రంగు ఏ వేలికి అనేది ఊరికే అందం లెక్క కాదు. పసుపు, కారం కలిపిన అన్నం చేత్తో తినే ఇళ్ళలో లేత రంగుకి అసలు శత్రువు పసుపే. అందులోని కర్కుమిన్ నూనెలో కరిగి పాలిష్ పొరలోకే దిగుతుంది, పైన టాప్ కోటు (రంగు మీద చివర్లో వేసే రంగులేని మెరుపు పొర) ఉన్నా ఆగదు. లావెండర్ మీద పడితే మురికి గోధుమరంగు, ఆకాశనీలం మీద పడితే పాచిరంగు. అందుకని కుడిచేతికి లేత పసుపు, పీచ్, గంధం రంగులు వేసుకుని, లావెండర్లూ నీలాలూ ఎడమచేతికి ఇవ్వడం తెలివైన పని. రెండు చేతులూ వేరువేరుగా ఉంటే ఏమీ బాగోకుండా పోదు. మరక పడితే వెంటనే సబ్బుతో రుద్దకండి. సబ్బులోని క్షారానికి పసుపు ఎర్రబడుతుంది, సున్నం తగిలిన పసుపు పారాణి అయినట్టే. ముందు శానిటైజర్ అద్దిన దూదితో ఒక్కసారి తుడవండి, ఆ తర్వాతే సబ్బు. ఎక్కువసేపు రుద్దితే మెరుపు పోతుంది. మిగిలిన ఛాయ ఎండ తగిలితే కొంత తగ్గుతుంది, పూర్తిగా మాత్రం పోదు. ఇక ఆవకాయ కలిపే రోజున గ్లవ్స్ వేసుకోక తప్పదు.

లేత రంగులన్నీ విడివిడిగా కొనక్కర్లేదు. మంచి తెలుపు సీసా ఒకటి, ఇంట్లో ఉన్న ముదురు రంగులు నాలుగు ఉంటే చాలు. ఎప్పుడూ తెలుపులోకి ముదురు రంగు చుక్క వేయాలి. ముదురు రంగులోకి తెలుపు పోసుకుంటూ పోతే సీసా ఖాళీ అయినా లేతబడదు. పిస్తాకి తెలుపు 10 చుక్కలు, పసుపు 2, ఆకుపచ్చ 1. నీలం చాలా గట్టిది, తెలుపు 12కి ఒక్క చుక్క. లేత పసుపుకి తెలుపు 8, పసుపు 2, ఎందుకంటే తెలుపులో పసుపు తొందరగా ఓడిపోతుంది. పీచ్‌కి తెలుపు 10, నారింజ 1, టూత్‌పిక్ కొసతో గులాబీ. లావెండర్‌కి ఊదారంగు పాలిష్ దొరికితేనే ప్రయత్నించండి, గులాబీ, నీలం కలిపితే చాలాసార్లు బూడిదరంగే వస్తుంది. ఒక్కో కంపెనీ రంగు ఒక్కో బలం కాబట్టి ఈ లెక్కలు మొదలుపెట్టడానికే. సెల్లోటేపు ముక్క మీద రాసి గోరు మీద ఆనించి చూసుకోండి. తెల్లకాగితం మీద చూస్తే మోసపోతారు, ఎందుకంటే అసలు తేడా ఒంటి రంగు పక్కన పెట్టినప్పుడే తెలుస్తుంది. చామనఛాయ చేతుల మీద మరీ తెలుపెక్కిన గులాబీ సుద్దముక్క రాసినట్టుంటుంది. ఇంకో చుక్క గులాబీ, చిటికెడు నారింజ పడితే అదే ఉల్లిపొర రంగై చేతికి అతుక్కుపోతుంది.

చుక్కలు, పువ్వుల కోసమైతే అల్యూమినియం ఫాయిల్ మీద అప్పటికప్పుడు కలుపుకోవచ్చు, ఐదారు నిమిషాల్లో గడ్డకడుతుంది కాబట్టి కొంచెం కొంచెంగా. గోరంతా వేయడానికైతే ఖాళీ సీసాలో కలిపి రెండు చిన్న స్టెయిన్‌లెస్ స్టీలు గుండ్లు వేయండి, ఇనుపవి తుప్పు పడతాయి. మామూలు పాలిష్‌లో జెల్ పాలిష్ కలపకూడదు, అది దానికోసం ఉండే UV లేక LED లైటు కింద పెడితే తప్ప సరిగా గట్టిపడదు. జెల్ గురించే ఇంకో మాట: సరిగా గట్టిపడని జెల్ చర్మానికి తగిలితే అలర్జీ రావచ్చు, ఒకసారి వస్తే అది జీవితాంతం ఉండిపోవచ్చు. ఇంట్లో ప్రయోగాలకి మామూలు పాలిషే మేలు.

డిజైన్లకి వద్దాం. కింది రంగు ఆరడానికి కనీసం పావుగంట ఆగాక.

అన్నిటికన్నా తేలిక చుక్కల ముగ్గు. లేత నీలం మీద తెల్లచుక్కలు మూడు, వాటి కింద సందుల్లో రెండు, మళ్ళీ మూడు. జడకి పెట్టుకునే నల్ల పిన్ను గుండ్రటి కొస పెద్ద చుక్కకి, సిరా అయిపోయిన బాల్‌పెన్ను మొన చిన్న చుక్కకి. కొస నిటారుగా ఆనించి తిన్నగా పైకి తీయాలి, వాలిస్తే తోక వస్తుంది. చుక్కలన్నీ ఒకే సైజులో రావాలంటే ప్రతి చుక్కకీ మళ్ళీ రంగులో ముంచాలి. ముంచకుండా వరసగా పెట్టుకుంటూ పోతే పెద్దదాన్నుంచి చిన్నదాకా తగ్గుతూ వస్తాయి, గోరు మొదటినుంచి కొసకి అలా జారే వరస చాలా బాగుంటుంది. చుక్కల్ని కలుపుతూ మెలికల గీతలు మాత్రం వద్దు. గోరు మీద అంత చోటు లేదు, ఆ ఆశతోనే చాలామంది పాడుచేసుకుంటారు.

మల్లెపువ్వుకి పిస్తా రంగు బాగా నప్పుతుంది. ఐదు తెల్లచుక్కలు గుండ్రంగా పెట్టి, తడిగా ఉండగానే టూత్‌పిక్‌తో ప్రతి చుక్కనీ మధ్యకి లాగితే రేకులవుతాయి. రెండేసి పువ్వులు, అదీ ఉంగరం వేలికి మాత్రమే. పదివేళ్ళకీ వేస్తే పూలగంపలా ఉంటుంది.

మామిడిపండు షేడ్‌కి స్పాంజి కావాలి. ముందు గోళ్ళ చుట్టూ చర్మానికి తెల్ల ఫెవికాల్ రాసి ఆరనివ్వండి, తర్వాత రంగుతో సహా పొరలా ఊడొచ్చేస్తుంది. మేకప్ స్పాంజిని తడిపి గట్టిగా పిండండి. పొడి స్పాంజి పాలిష్‌నంతా తాగేస్తుంది. దాని మీద లేత ఆకుపచ్చ, లేత పసుపు, పీచ్ పక్కపక్కనే కొంచెం ఒకదాని మీదొకటి ఎక్కేలా రాసి, తెలుపు వేసి ఆరిన గోరు మీద అద్దాలి. రుద్దకూడదు. ఒక్కసారికి ఏమీ కనిపించదు, రెండు నిమిషాల తేడాతో మూడుసార్లు అద్దితేగానీ రంగు నిలవదు. గరుకుగా కనిపించినా కంగారు పడొద్దు, టాప్ కోటు సర్దేస్తుంది.

నెలవంకకి బొట్టుబిళ్ళని మించిన స్టెన్సిల్ లేదు. కింది రంగు రాత్రంతా ఆరాలి, గంటలో అతికిస్తే బిళ్ళతోపాటు రంగూ ఊడొస్తుంది. గుండ్రటి బిళ్ళని ముందు అరచేతి వెనక రెండుసార్లు అంటించి తీసి జిగురు తగ్గించి, గోరు మొదట్లో సగం కప్పేలా పెట్టి, మిగతా భాగానికి రెండో రంగు ఒకే కోటింగు వేసి, తడి ఆరకముందే మెల్లగా లేపండి. ఆరాక లేపితే అంచు చిరుగుతుంది. ఉల్లిపొర రంగు మీద గంధం రంగు నెలవంక చూడండి ఒకసారి.

బంగారు జరీ అంచు కావాలనుకుంటే సన్నటి నెయిల్ టేపు దొరుకుతుంది. రెండు కొసల్లోనూ గోరు అంచుకి ఒక మిల్లీమీటరు ముందే కత్తిరించండి, అంచుదాకా ఉంటే జుట్టు దువ్వుకుంటుంటే చిక్కుకుని లేస్తుంది. నీళ్ళలో రంగు చుక్కలు వేసి ముంచే వాటర్ మార్బుల్ జోలికి ఈ మూడు నెలలూ పోకపోవడం మంచిది. ట్యాంకు నీళ్ళు వేడెక్కి ఉంటాయి, రంగు పరుచుకోకముందే పొర కట్టేస్తుంది.

చుక్కలూ పువ్వులూ పెట్టాక పది నిమిషాలైనా ఆగకుండా టాప్ కోటు వేస్తే తెల్లరంగు తోకచుక్కల్లా సాగుతుంది. బ్రష్షుకి నిండుగా తీసుకుని, నొక్కకుండా, గోరుకి రెండే గీతల్లో ముగించండి. ముట్టుకుంటే ఆరినట్టున్నా లోపల గట్టిపడటానికి పది పన్నెండు గంటలు పడుతుంది. ఆ రాత్రి వేడినీళ్ళు, అంట్లు, బిగుతు జడ వద్దు. మూడోరోజు ఇంకో పల్చటి టాప్ కోటు వేస్తే ఐదారు రోజులు నిలుస్తుంది.

చిక్కబడిన సీసాలో రిమూవర్ పోయకండి, అది పాలిష్ పొరని బలహీనం చేస్తుంది. నెయిల్ పాలిష్ థిన్నర్ రెండు మూడు చుక్కలు వేసి దొర్లిస్తే చాలు. మూతి మీద గడ్డకట్టిన రంగుని దూదితో తుడిచి మూత పెట్టండి, గాలి చొరబడే దారి అదే. తీసేటప్పుడు రిమూవర్ దూదిని గోరు మీద 20 సెకన్లు అదిమిపట్టి ఒక్క లాగుడులో కొసవైపు తుడవండి. ముందే రుద్దితే ఆ తెల్లపొడి గోరు పక్కల గాడిలో ఇరుక్కుని పిండి అంటినట్టు మిగిలిపోతుంది. మిగిలితే పాత టూత్‌బ్రష్షూ గోరువెచ్చటి నీళ్ళూ, ఆ తర్వాత కొబ్బరినూనె.