చెత్త హిందీ థ్రిల్లర్ల నోట్‌బుక్: ఈ నెల డిపార్ట్‌మెంట్

చెత్త హిందీ థ్రిల్లర్లు కలిసి చూసి నవ్వుకోవడం, నోట్‌బుక్‌లో రాసుకోవడం మా సరదా. ఈ నెల ముఖ్యమైన పని డిపార్ట్‌మెంట్ (2012) పూర్తి చేయడం. ఎవర్నడిగినా సగంలో కట్టేశామన్నారు, అందుకే దాచుకుని మరీ పెట్టుకున్నాం. అమితాబ్, సంజయ్ దత్, రానా, మంచు లక్ష్మి, మధుశాలిని, వీళ్లందరి మీదా రామ్‌గోపాల్ వర్మ. ఇంతమందిని పెట్టుకుని సినిమా ఇలా రావాలంటే మామూలు బద్ధకం సరిపోదు, ఎవరో బాగా కష్టపడి ఉండాలి. మా సరదా మొత్తం ఆ కష్టం మీదే నడుస్తుంది.

కథ గురించి ఒక్క లైను చాలు: ముంబైలో ఎన్‌కౌంటర్ పోలీసులు, కొట్టుకుచచ్చే గ్యాంగులు, గ్యాంగ్‌స్టర్ నుంచి రాజకీయ నాయకుడైన అమితాబ్. చూడాల్సింది కెమెరాని. సినిమా తీసిన కానన్ 5డి లాంటి ఫొటో కెమెరాలు చిన్నగా ఉంటాయి, ఎక్కడైనా ఇరుకుతాయి, అందుకని నిజంగానే ఎక్కడ పడితే అక్కడ ఇరికించారు. టేబుల్ కింద నుంచి, కాళ్ల సందులోంచి, మనిషి చుట్టూ గిర్రున తిరుగుతూ. ఇద్దరు పోలీసులు ప్రాణాలకు సంబంధించిన విషయం సీరియస్‌గా మాట్లాడుకుంటుంటే మనం మాత్రం గడ్డాలూ మోకాళ్లూ చూస్తుంటాం. అంతకు ముందు ఏడాదే తెలుగులో దొంగల ముఠాని ఇలాంటి కెమెరాలతోనే ఐదు రోజుల్లో తీసేశాడు కదా, ఆ ఊపు తగ్గకుండానే ముంబై ఫ్లైటెక్కినట్టున్నాడు. శివ (1989)లో స్టెడీక్యామ్‌తో (మనిషి ఒంటికి కట్టుకుని నడుస్తూ కుదుపుల్లేకుండా తీసే కెమెరా అమరిక) మనందర్నీ నోరెళ్లబెట్టేలా చేసింది కూడా ఈయనే కాబట్టి నవ్వు ఇంకా ఎక్కువ వస్తుంది. చేతకానివాడు చెడగొడితే జాలేస్తుంది, చేతనైనవాడు అంత ధీమాగా చెడగొడితేనే మజా.

దీనికోసం ఒక ఆట పెట్టుకున్నాం. సీన్ మొదలవగానే పాజ్, కెమెరా ఎక్కడ పెట్టారో అందరూ చీటీ మీద రాయాలి, తర్వాత ప్లే. అందరికంటే దూరంగా ఊహించినవాళ్లు టీ పెట్టాలి. ఆ రాత్రి తాగిన టీకి తెల్లవారుజాము దాకా ఎవరికీ నిద్ర పట్టలేదు. ఎవరైనా ఇది ఆడదలుచుకుంటే పాజ్‌లకి ఒక పరిమితి పెట్టుకోండి, సీన్‌కి ఒకటి మించొద్దు, లేకపోతే రెండు గంటల పైచిలుకు సినిమా పొద్దున పాలవాడు వచ్చేదాకా సాగుతుంది.

స్పీడ్ మాత్రం పెంచకూడదు, ఇది మా ఇంట్లో చట్టం. కొందరు బోర్ కొడుతోందని ఒకటిన్నర స్పీడ్‌లో పెట్టేస్తారు, అప్పుడు మిగిలేది చెత్త సినిమా మాత్రమే. విలన్ డైలాగ్ చెప్పాక హీరో పలక్కుండా చూసే ఆ నాలుగు సెకన్లు, వెనకాల ఢాం ఢాం అని మ్యూజిక్, అసలు కామెడీ అంతా అక్కడే ఉంటుంది. సబ్‌టైటిల్స్ ఆన్‌లో ఉంచాలి, మనం నవ్వే గోలలో తర్వాతి డైలాగ్ ఎలాగూ వినపడదు. తినడానికి బొరుగుల మిక్చర్ వద్దు, నవ్వితే పొలమారుతుంది. పునుగులు సేఫ్.

మనుషులు నలుగురు చాలు, వాళ్లలో ఒకరు కథని నిజంగా నమ్మి చూసేవాళ్లయి ఉండాలి. మాకు బాబాయ్ ఉన్నాడు. ఏ సినిమా అయినా చేతులు కట్టుకుని, భక్తిగా చూస్తాడు. "ఒరేయ్, వీడు ఇందాక చచ్చాడు కదరా?" అని ఆయన అడిగే ప్రశ్నకి దర్శకుడి దగ్గర కూడా జవాబు ఉండదు. జానీ దుష్మన్: ఏక్ అనోఖీ కహానీ (2002) చూసినప్పుడైతే ఆ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో, రాయడం మానేశాం. అందులో విలన్ ఇచ్ఛాధారి నాగు, ఏ రూపం కావాలంటే ఆ రూపం ఎత్తుతాడు. నలభై దాటిన సునీల్ శెట్టి కాలేజీ కుర్రాడు. పామును క్షమించేశాను గానీ కాలేజీ దగ్గర ఆగిపోయాను, అని బాబాయ్ తీర్పు.

రేస్ 3 (2018) కూడా ఈ మధ్యే అయింది. ట్రైలర్లోని బిజినెస్ డైలాగ్ మీద అప్పట్లో మీమ్స్ వర్షం కురిసింది కాబట్టి ఆ సీన్ వచ్చేసరికి మాకు నవ్వు మిగల్లేదు. చూడబోయే సినిమా మీమ్స్ ముందే చూడొద్దు, అంతే. నాకు నచ్చింది హార్డ్ డిస్క్ గొడవ. కోట్ల ఆస్తి, ప్రైవేట్ జెట్లు, దేశాలు దాటే దొంగతనం, అన్నీ ఒక హార్డ్ డిస్క్ కోసం, దానికి కాపీ తీసుకోవాలన్న ఆలోచన మాత్రం ఒక్కడికీ రాదు.

నోట్‌బుక్‌లో మూడు గడులే ఉన్నాయి: ఎన్నో నిమిషం, ఏం జరిగింది, ఎవరు గట్టిగా నవ్వారు. మార్కులు వేయడం మానేశాం, సినిమా అయ్యాక వేసే మార్కులన్నీ నిద్రమత్తు మార్కులే. పేజీలు తిప్పితే ఎక్కువసార్లు కనపడేది సీసీటీవీ. పోలీసులు ఫుటేజ్ చూస్తుంటారు, తెర మీద మనం ఇందాక చూసిన సీనే, క్లోజప్పులతో సహా, ఎడిటింగ్‌తో సహా వస్తుంది. మొహానికి అడుగు దూరంలో సీసీటీవీ ఉంటే హంతకుడు దానికి దండం పెట్టుకుని వెళ్లాడా ఏంటి? దీని తర్వాత స్థానం హ్యాకింగ్‌ది, మౌస్ ముట్టుకోకుండా టకటకా కొట్టేసి "అయిపోయింది సార్" అంటాడే, ఆ కుర్రాడిది.

కావాలని చెత్తగా తీసినవి ఇక వద్దనుకున్నాం. ఒకటి పెట్టి చూశాం, ఇంటర్వెల్‌కే అందరూ ఫోన్లు పట్టుకున్నారు. వాళ్లే ముందు నవ్వేస్తుంటే మనకింక పనేముంది.

తర్వాతిది గూండా (1998). మిథున్ చక్రవర్తి హీరో, కాంతి షా దర్శకుడు, విలన్లు ఒక్కొక్కళ్లు ప్రాసలో మాట్లాడతారు. పద్ధతిగా చూస్తే థ్రిల్లర్ కాదు, యాక్షన్, అయినా దీన్ని చూడకుండా నోట్‌బుక్ మూసేయలేం. ఒకటే ఇబ్బంది, అందులో పేర్లూ డైలాగులూ పెద్దవాళ్ల ముందు వినేవి కావు. బాబాయ్ వచ్చే నెల కూతురి దగ్గరికి వెళ్తున్నాడు, టికెట్ ఇంకా కన్ఫర్మ్ కాలేదు, అయ్యాక డేట్ పెడతాం.