హార్డ్ డిస్కు పోలేదు బావా

ఆదివారం, అనంతపురం.

ఉగ్గాని తిని చెయ్యి కడుక్కునేలోపే అక్క సంచిలోంచి హార్డ్ డిస్కు తీసి బల్ల మీద పెట్టింది. గుంతకల్లు నుంచి వచ్చింది దాని కోసమే. పెన్నహోబిలంలో జరిగిన మేనకోడలి పెళ్లి వీడియోలన్నీ నా కంప్యూటర్‌లో ఉన్నాయి, మొత్తం 300 జీబీ పైమాటే. ముహూర్తం నుంచి అప్పగింతల దాకా కూర్చిన ఫైలు ఒక్కటే 58 జీబీ. పోయిన వారం మేనల్లుడు వచ్చి కాపీ పెట్టి, పెట్టిన ప్రతిసారీ మధ్యలో ఆగిపోతుంటే విసిగి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి బావది ఒకటే మాట: "డిస్కు పోయింది, కొత్తది కొనండి."

కాపీ ఆగితే చాలు, డిస్కు పోయిందనేస్తారు. నాకు ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. పోయిందని తేల్చే ముందు అది ఎక్కడ ఆగింది, ఎలా ఆగింది అని ఎవరూ అడగరు.

కూర్చుని చూస్తే రెండు వేరు వేరు జబ్బులు కనిపించాయి. 58 జీబీ ఫైలు అసలు మొదలే కావడం లేదు. డిస్కు సగానికి పైగా ఖాళీగా ఉన్నా, ఫైలు మరీ పెద్దదని వెనక్కి కొడుతోంది. మిగిలినవి మాత్రం మొదలై, కాసేపు హాయిగా నడిచి, ఆ తర్వాత డిస్కుతో సహా తెర మీది నుంచి మాయమవుతున్నాయి.

మొదటిదానికి మందు తేలిక. డిస్కు ఫ్యాట్32లో, అంటే ఫైళ్లను డిస్కులో సర్దే ఒక పాత పద్ధతిలో, ఫార్మాట్ అయి ఉంది. 1996 నాటి ఆ పద్ధతిలో ఫైలు ఎంత పెద్దదో రాసుకోవడానికి 32 బిట్ల చోటే ఉంటుంది. అందుకే ఒక ఫైలు 4 జీబీకి ఒక్క బైటు తక్కువ దాకా మాత్రమే ఉండగలదు, డిస్కు ఎంత పెద్దదైనా సరే. దాన్ని ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఇంకో పద్ధతికి మార్చాలనుకున్నాను. ఎక్స్‌ఫ్యాట్ కూడా పనికొచ్చేదే కానీ, ఎన్‌టీఎఫ్‌ఎస్ తాను చేయబోయే మార్పును ముందే ఒక చిట్టాలో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయినా, ఎవరైనా వైరు లాగేసినా, రాస్తున్న ఫైలు చెడవచ్చునేమో గాని డిస్కు మొత్తం చిందరవందర అయ్యే ప్రమాదం తక్కువ. మన ఇళ్లలో ఆ రెండూ జరిగేవే.

"ఫార్మాట్ అంటే లోపల ఉన్నవి పోతాయా?" అని అక్క బెదిరిపోయింది. అందులో అమ్మానాన్నల షష్టిపూర్తి ఫొటోలు ఉన్నాయి మరి. పోతాయనే చెప్పాను. ముందు వాటిని నా కంప్యూటర్‌లోకి దించి, నాలుగు తెరిచి చూపించాకే ఫార్మాట్ చెయ్యనిచ్చింది.

అసలు పని రెండో జబ్బుతో మొదలైంది. డిస్కులో పాడైన చోటు ఉంటే కాపీ దాదాపు అక్కడికే వచ్చి ఆగాలి. ఇదేమో ఒకసారి నలుగు దగ్గర, ఇంకోసారి తలంబ్రాల దగ్గర, మరోసారి బంతి భోజనాల మధ్యలో ఆగుతోంది. ఆగే చోటు మారుతోందంటే అనుమానం డిస్కు మీద కంటే వైరు మీదికి, కరెంటు మీదికి పోవాలి. విండోస్‌లో జరిగిన సంగతులు నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టం చిట్టా చదివాను. పాడైన బ్లాకు తగిలితే 7వ నంబరు ఫిర్యాదు రాస్తుంది. అది ఎక్కడా లేదు. ఉన్నదంతా 157, అంటే చెప్పాపెట్టకుండా డిస్కును ఊడదీశారని. ఊడదీసిందెవరు? అక్క దాని జోలికే పోలేదు. డిస్కు ఆరోగ్యం ఎలా ఉందో చెప్పే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో కూడా చూశాను. పాడై వేరే చోటికి మార్చిన సెక్టార్లు, అంటే డిస్కులోని చిన్న చిన్న గదులు, సున్నా, అనుమానంలో ఉన్న సెక్టార్లు సున్నా.

ఇక మిగిలింది వైరు. ఈ డిస్కులకు వచ్చే మైక్రో-బీ పిన్ను వెడల్పుగా, పలచగా, మధ్యలో చిన్న నొక్కుతో ఉంటుంది. డిస్కు వైపు దాన్ని చూపుడు వేలితో కాస్త పైకి ఎత్తాను. లైటు ఆరిపోయింది, లోపల టక్కుమంది, ఆ వెంటనే పళ్లెం మళ్లీ తిరగడం మొదలైన సన్నటి రొద. వేలు తీసి మళ్లీ ఎత్తితే మళ్లీ అదే. ఫ్యాన్ గాలికి వైరు ఊగినా చాలేలా ఉంది. పైగా ఈ చిన్న డిస్కులకు వేరే అడాప్టరు ఉండదు, తిరగడానికి కావలసిన కరెంటంతా ఆ వైరులోంచే రావాలి. ప్రమాణం ప్రకారం యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 అయితే 900. మేనల్లుడు తగిలించింది క్యాబినెట్ ముందు వైపున్న పాత 2.0 పోర్టుకు, అదీ మూరెడు ఎక్స్‌టెన్షన్ వైరు కలిపి.

సుభాష్ రోడ్డులో ఆదివారం కూడా తెరిచి ఉన్న కొట్టు వెతికి పొట్టి వైరు ఒకటి తెచ్చాను. ఎండ సంగతి రాయక్కర్లేదు. వెనక వైపు నీలం రంగు 3.0 పోర్టుకు తగిలించాను. కంప్యూటర్ నిద్రపోకుండా చేసి, పవర్ సెట్టింగుల్లో, పని లేని యూఎస్‌బీ పరికరాన్ని నిద్రపుచ్చే సెలెక్టివ్ సస్పెండ్ కూడా ఆపేశాను.

కాపీకి విండోస్‌లోనే ఉండే రోబోకాపీ అనే ఆదేశం వాడాను. దానికి జెడ్ అనే గుర్తు జోడిస్తే, తెగిన ఫైలును మొదటి నుంచి కాకుండా తెగిన చోటు నుంచి అందుకుంటుంది. కాస్త నెమ్మది, అంతే. కాకపోతే ఎన్నిసార్లు ప్రయత్నించాలో మనమే చెప్పాలి. చెప్పకపోతే ఒక్కో ఫైలుకు 10 లక్షల సార్లు, ప్రతిసారికీ మధ్య 30 సెకన్లు ఆగుతూ ప్రయత్నిస్తుంది. లెక్క వేస్తే ఆగడానికే 347 రోజులు! అంత ఓపిక మా అక్కకు లేదు, సాయంత్రం రైలుకు పోవాలి.

సగం దాటాక వేగం బాగా పడిపోయింది. "మళ్లీ ఆగిపోతుందేమో రా" అని అక్క కంగారు. ఇలాంటి డిస్కులు చాలావాటిలో రాతల వరుసలు ఇంటి పైకప్పు పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి ఉంటాయి. ఒక వరుసను తిరగరాయాలంటే దాని పక్కవాటినీ కదిలించాలి. అందుకే కొంత రాశాక, సర్దుకోవడానికి నెమ్మదిస్తాయి. నెమ్మదించడం వేరు, ఊడిపోవడం వేరు. చిట్టాలో 157 మళ్లీ పడలేదు. మధ్యాహ్నం కరెంటు పోయింది కూడా, ఇన్వర్టర్ ఆదుకుంది.

చివరికి 58 జీబీ ఫైలుకు రెండు చోట్లా ఎస్‌హెచ్‌ఏ-256, అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది, తీశాను. విండోస్‌లోనే ఉన్న సర్ట్‌యుటిల్ చాలు. 64 గుర్తుల వరుస వస్తుంది, ఫైలులో ఒక్క బిట్టు తేడా ఉన్నా వరుస మారిపోతుంది. కంప్యూటర్‌లోని దాని గుర్తులు అక్క ఒక్కొక్కటే పైకి చదువుతుంటే, డిస్కులోని దాని మీద నేను వేలు పెట్టి చూసుకుంటూ పోయాను. సరిపోయింది. డిస్కును సురక్షితంగా తొలగించమని విండోస్‌కు చెప్పి, అది సరేనన్నాకే వైరు ఊడదీశాను.

స్టేషన్‌కు బయలుదేరుతూ అక్క బావకు ఫోను చేసింది. డిస్కు బాగానే ఉందట, పోయింది వైరేనట అని. బావ కొత్త డిస్కు నిన్ననే ఆర్డర్ పెట్టేశాడట. నేను ఫోను అందుకుని, వెనక్కి పంపొద్దని, పెళ్లి వీడియోలు దానిలోకీ ఎక్కించి వేరే బీరువాలో పెట్టుకోమని చెప్పాను.

"మరి ఇది పోలేదన్నావు కదా?" అన్నాడు బావ.

"పోలేదు బావా. పోయే రోజు రాకుండా ఉంటుందా?" అన్నాను. పాత వైరును మాత్రం అక్క చూస్తుండగానే కత్తెరతో రెండు ముక్కలు చేశాను. లేకపోతే ఎందుకైనా పనికొస్తుందని సంచిలో వేసుకునేది.